పరిచయాలక్క

మా అక్కకు లోకంలో పాత పరిచయస్తులంటూ ఎవరూ లేరు. అక్కంటే తోడబుట్టింది కాదు. మతిమరుపు జబ్బువాళ్లనీ, ఏళ్ల తరబడి మందుల మీద బతికేవాళ్లనీ ఇళ్లకు వెళ్లి చూసే మా నర్సులందరికీ పెద్ద. ఎవరు ఎదురైనా, ఎన్నోసారి ఎదురైనా, చేతులు జోడించి మొదటికొస్తుంది. "నమస్కారమండీ. నేను నర్సుని. ఫలానా పనిమీద వచ్చాను."

రెండేళ్లు ఆమె పక్క కుర్చీలో పనిచేశాను. రోజూ నాకూ ఇదే వరస. "నమస్కారమండీ. నేను నర్సుని. మీ పెన్ను అడగడానికొచ్చాను." తిరిగివ్వడానికి వచ్చినప్పుడు మళ్లీ నమస్కారం. పందొమ్మిదేళ్లుగా ఆమెతో వేగుతున్న డాక్టరుగారు ఇక లాభం లేదని, "నమస్కారమమ్మా, నేను డాక్టర్ని" అని అప్పజెప్పేవారు. ఆఖరికి ఇంటికి ఫోన్ చేసినా, "నమస్కారమండీ. నేను మీ ఆవిణ్ణి. ఆరేసిన బట్టలు తియ్యమని చెప్పడానికి చేశాను" అనేది. మేం ఆమెకు పరిచయాలక్క అని పేరు పెట్టి, చాటున పడీపడీ నవ్వుకునేవాళ్లం.

నవ్వడంలో అందరికన్నా ముందుండేదాన్ని నేనే. శిక్షణలో ఫస్టు వచ్చినదాన్ని కదా. రోగుల జ్ఞాపకశక్తికి పదును పెట్టాలని సొంత పద్ధతి కూడా ఒకటి కనిపెట్టాను. గుమ్మంలో నిలబడి నవ్వుతూ, "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అనేదాన్ని. జవాబులు గుర్తుపెట్టుకోడానికి ఫైల్లో గళ్లు గీశాను. అక్క అది చూసి, "వాళ్లని అడక్కు, నువ్వే చెప్పు" అంది. చాదస్తం అనుకున్నాను.

అప్పుడే అక్క చూసే ఇళ్లలో ఒకటి నాకు అప్పగించారు. అక్కడుండేది దర్జీ పెద్దాయన. షుగరు, మతిమరుపు, ఆపైన కాలి బొటనవేలి మీద కొత్తగా లేచిన పుండు. రోజూ కట్టు మార్చాలి. మొదటి రెండుసార్లు నా ప్రశ్నకు నవ్వి ఊరుకున్నారు. మూడోసారి వాళ్లావిడ మొహంలోకి చూశారు. నాలుగోసారి నా గొంతు వినగానే స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఇంకో రెండు రోజులు కట్టు మార్చకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నారు డాక్టరుగారు. నేను ఫైల్లో "రోగి సహకరించడం లేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా కొట్టాను.

చివరికి అక్కను వెంటబెట్టుకుని వెళ్లాను. పెద్దాయన లోపల, తలుపు మీద చెయ్యేసి వాళ్లావిడ బయట. "మందు మంటకి భయపడుతున్నారు" అన్నాను, అన్నీ తెలిసినదానిలా. అక్క నా మాట విననట్టే తలుపు దగ్గర కింద కూర్చుంది.

"నమస్కారమండీ. నేను నర్సుని. మీరు నన్నెప్పుడూ చూసుండరు. కాలికి కట్టు మార్చడానికొచ్చాను."

ఏడాదిపాటు వారం వారం ఆ ఇంటికి వెళ్లిన మనిషి ఆమె.

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. పెద్దాయన తల బయటపెట్టి, గొంతు తగ్గించి అన్నారు. "రోజూ ఒకమ్మాయి వచ్చి పరీక్ష పెడుతోందమ్మా. మా ఆవిడ ఎదురుగా తెలీదని ఎలా చెప్పను?"

నాకు తల కొట్టేసినట్టయింది. శిక్షణలో ఫస్టు వచ్చిన తల అది.

వేలు దక్కుతుందంది అక్క, పుండు చూసి. చేతులు కడుక్కునే దగ్గర మెల్లగా అడిగాను. "మరి మాకెందుకక్కా రోజూ ఈ నమస్కారాలు?"

"ఎవరికి చెప్పాలి, ఎవరికి అక్కర్లేదు అని ఏరుకుంటూ కూచుంటే ఏదో ఒక ఇంట్లో మర్చిపోతాను. అందరికీ చెప్పేస్తే గొడవ లేదు."

ఇక నా వంతు. పెద్దాయన ముందు కూర్చుని చేతులు జోడించాను. "నమస్కారమండీ. నేనూ నర్సునే. మీ కాలికి కట్టు కట్టడానికొచ్చాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, కాలు నా ఒళ్లోకి చాపారు.

"కొత్తగా చేరావామ్మా? ఈవిడ దగ్గర పని నేర్చుకో. రోజూ వచ్చే పిల్ల ఒకతుంది, దాని సావాసం మాత్రం చెయ్యకు."

"చెయ్యనండీ" అన్నాను, కత్తెర అందుకుంటూ.