మెరుపు నిచ్చెన ఆరిన మధ్యాహ్నం

వెలిగే కర్పూరం మీద అరచెయ్యి పెట్టి చెప్తున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం. కర్పూరం చాలదంటే మా పిల్లలిద్దరి మీద ఒట్టు. అదీ చాలదంటే రాబోయే నా పెన్షన్ మీద ఒట్టు.

ఇన్ని ఒట్లు ఎందుకంటే, నన్ను ఎరిగినవాళ్ళు నా మాటల్ని సగానికి సగం తగ్గించుకుని వింటారు. దక్షిణాఫ్రికాలో డర్బన్ శివారు ఖర్వాస్తాన్‌లో ఒక కోతి నా పాస్‌పోర్టు ఎత్తుకుపోయిందని ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చాను. నిజానికి పోయింది అరటిపండు. ఆ సంగతి మా ఆవిడ అడిగినవాళ్ళకీ చెప్తుంది, అడగనివాళ్ళకీ చెప్తుంది.

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని. కంటికి కనబడకుండా ఉండి, ముట్టుకుంటే ప్రాణం తీసేది నాకు తెలిసి ఒక్కటే, అది కరెంటు. నేను భయపడిందీ దానికే.

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్ళూ కలిసి మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడు నేను కాకినాడ నుంచి డర్బన్ వెళ్ళాను. ప్రాస్పెక్టన్‌లో ఒక కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఖర్వాస్తాన్‌లో ఒక తెలుగువాళ్ళింట్లో వెనకగది అద్దెకి దొరికింది.

తెలుగువాళ్ళంటే మనలా కాదు. వాళ్ళ ముత్తాతలు ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు. తెలుగు పూజకీ, వంటకీ, తిట్టడానికీ మిగిలింది. ఆ మిగిలిన తెలుగు కూడా మా అమ్మమ్మ కాలం నాటిది.

ఇంటి పెద్ద అప్పల్సామి తాత. భార్య పైడమ్మ అవ్వ. కొడుకు దానయ్య, అందరికీ డానీ. నాకంటే పదేళ్ళు పెద్ద కాబట్టి నేను డానీ అన్నా అనేవాణ్ణి. తను నన్ను బ్రూ అనేవాడు, అక్కడి యాసలో తమ్ముడూ అన్నట్టు.

తాత జీవితమంతా దుకాణాలకి నియాన్ బోర్డులు చేశాడు. గాజు గొట్టాల్లో రంగురంగుల వెలుగు పుట్టించే ఆ పనికి, వేల వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అలాంటిదొకటి తీసుకుని, ఒకప్పుడు ఊళ్ళో ఓ బట్టల షాపు అద్దాల కిటికీలో పెట్టడానికి ఓ అలంకారం తయారు చేశాడట. రెండు రాగి కడ్డీలు, కింద దగ్గరగా, పైకి పోయేకొద్దీ ఎడంగా. కరెంటు ఇవ్వగానే అడుగున ఒక నీలి మెరుపు పుడుతుంది. వేడి గాలితో పాటు తనూ కడ్డీల మధ్య పైకి పాకుతుంది. కొసకి వెళ్ళి టప్పున తెగిపోతుంది. వెంటనే అడుగున ఇంకోటి.

షాపు మూసేశాక అది ఇంటికొచ్చి ముందుగదిలో స్థిరపడింది. దానికి మెరుపు నిచ్చెన అని పేరు పెట్టుకున్నాడు. ఆదివారం భోజనాలయ్యాక కాసేపు వెలిగించి, చూసి మురిసిపోయేవాడు.

"ఆ కిటికీ ముందు నల్లోళ్ళు, తెల్లోళ్ళు, మనోళ్ళు అందరూ కలిసే నిలబడినారు, ఇంజినీరూ. ఈ ఓట్లు రాకముందే," అనేవాడు.

అందంగానే ఉండేది. కానీ నాకు దాని పక్కన ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోవాలనిపించేది. మన ఇళ్ళలో షాకు కొడితే టక్కున పడిపోయే స్విచ్చు ఉంటుంది కదా, ఆ నిచ్చెన విషయంలో అది పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ అవతలి పక్కన ఏం జరుగుతోందో ఆ స్విచ్చుకి తెలియదు. తడి చేత్తో ఆ కడ్డీల్ని తాకినవాళ్ళు ఇక లేచి నిలబడరు. గది తలుపులు మూసి ఎక్కువసేపు నడిపితే, వాన ముందు వచ్చే వాసనలాంటిది పట్టుకుని గొంతు మండుతుంది.

తాతకి ఇవన్నీ తెలుసు. ఆ పని చేసేవాళ్ళకి ఉండే జాగ్రత్తే ఆయనకీ ఉండేది. నడుస్తున్నంతసేపూ ఒక చెయ్యి జేబులోనే. ఆపాక స్విచ్చుని నమ్మడు. ప్లగ్గు ఊడబెరికి, తీగని మోచేతికి చుట్టలు చుట్టి, చివర ఒక మెలిక దూర్చి ముడేస్తాడు. ఆ ప్లగ్గుని పిన్నులు పైకి ఉండేలా స్టూలు మీద పెడతాడు. అక్కడి ప్లగ్గుకి మూడు లావుపాటి పిన్నులు. గది గుమ్మంలోంచి చూసినా కనబడతాయి. ఎవరొచ్చినా చూడగానే అది చచ్చి ఉందని తెలియాలి. అదీ ఆయన పద్ధతి. ఆ మెలిక డానీ అన్నకి ఎప్పుడూ పడేది కాదు. నాకూ పడలేదు.

నేనొచ్చిన కొన్ని నెలలకి తాత నిద్రలోనే పోయాడు. తర్వాత నేను ఫ్యాక్టరీ నుంచి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ రేకులు అడిగి తెచ్చి, నిచ్చెనకి పెట్టెలాంటి మూత చేశాను. వేడి పోవడానికి పైన కన్నాలు. కడ్డీలకి వేలు కూడా తగలదు. "ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు అన్నా. కానీ మూత తియ్యకు," అని డానీకి మరీ మరీ చెప్పాను.

ఏడాది తిరిగింది. పెద్దాయనకి పెట్టే రోజు వచ్చింది.

వాళ్ళ పద్ధతి చెప్పాలి. పోయినాయనకి ఇష్టమైనవన్నీ ఆయన గదిలో ఆకు వేసి వడ్డిస్తారు. మాంసం, మందు, సిగరెట్టు, ఏదైనా సరే. దీపం పెట్టి, అందరూ బయటికొచ్చి, తలుపు మూసేస్తారు. ఆయన వచ్చి తినేదాకా లోపలికి ఎవరూ తొంగిచూడకూడదు. కొంతసేపయ్యాక ఇంటి పెద్దావిడ తలుపు తట్టి, చెంబుతో నీళ్ళు పట్టుకుని ముందు తనొక్కతే వెళ్తుంది. తడి చేత్తో ఆకు చుట్టూ నీళ్ళు తిప్పుతుంది. ఆ తర్వాతే మిగతావాళ్ళు.

మెరుపు నిచ్చెన కూడా వెలగాలని అవ్వే అంది. ఆయనకి అంతకంటే ఇష్టమైంది ఏముంది? మూత ఉంది కదా అని నేనూ సరేనన్నాను.

వడ్డించేటప్పుడు ఇంటివాళ్ళే ఉండాలి. అందుకని నేను పెరట్లో పొయ్యి దగ్గర ఉన్నాను. ఎర్రటి ఎండ. వంట వాసనకి కోతులు గోడెక్కి కూర్చున్నాయి. అవ్వ వంటింటి గుమ్మంలోంచి "హంబా! హంబా!" అని గరిటె విసిరింది. అది అక్కడి జూలూలో పొమ్మనడం. కోతులకి తెలుగు రాదని ఆవిడ నమ్మకం.

ఆ కోతుల భయానికే ముందుగది కిటికీలన్నీ గడియలు పెట్టారు. కిటికీలకి ఇనప ఊచలూ ఉన్నాయి. ఇది గుర్తు పెట్టుకోండి.

లోపల పని ముగించుకుని డానీ అన్న పెరట్లోకి వచ్చాడు. తలుపు మూసేశారు. అవ్వ ఒక్కతే చెంబు పట్టుకుని నడవాలో ఆ తలుపు ముందు పీట వేసుకుని కూర్చుంది. నిచ్చెన చప్పుడు పెరట్లోకి సన్నగా వినిపిస్తోంది. జుయ్‌మని పైకి లేవడం, టప్పుమని తెగడం. మళ్ళీ జుయ్.

కుళాయి పక్కన గోడకి ఏదో తళుక్కుమంది. చూస్తే నా ప్లాస్టిక్ మూత.

"ఇదిక్కడుందేంటన్నా?"

"అమ్మ తీసేయమంది, బ్రూ. పెద్దోళ్ళకి పెట్టేది ఏదీ మూతేసి పెట్టరాదంట. కూర గిన్నె మూత తీసినాం, సీసా మూత తీసినాం, దీనిదీ తీసినాం."

"నిచ్చెన ఎక్కడ పెట్టారు?"

"ఆకు పక్కనే. నాన్నకి బాగా కనబడాలి కదా."

ఆకు పక్కన. ఆవిడ ఒంగి, చుట్టూ తడి చెయ్యి తిప్పబోయే ఆకు పక్కన.

అరవాలని కూడా తోచలేదు. పరిగెత్తాను. వంటింట్లో కాలు పెట్టేసరికి నడవాలోంచి అవ్వ తలుపు తట్టడం వినబడింది. "నానొస్తన్నాను," అందావిడ, లోపల నిజంగా ఎవరో భోంచేస్తున్నట్టు.

ఆ తట్టిన చప్పుడుతోనే నిచ్చెన ఆగిపోయింది. టప్పుమనలేదు. జుయ్‌మంటున్నది మధ్యలోనే ఆగింది.

కరెంటు పోయిందనుకున్నాను. కానీ నా పక్కన ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది. రేడియో మాట్లాడుతూనే ఉంది.

నడవా దాటి గుమ్మంలోకి వెళ్ళేసరికి అవ్వ అప్పటికే ఒంగి ఉంది. చెంబు ఎడమచేతిలో. కుడిచెయ్యి ఆకు చుట్టూ తిరుగుతోంది. వేళ్ళ నుంచి నీళ్ళు రాగి కడ్డీల మీద పడుతున్నాయి. ఆవిడ గాజులు ఒక కడ్డీకి తగిలి గణగణమన్నాయి.

ఏమీ కాలేదు.

అప్పుడు స్టూలు చూశాను. ప్లగ్గు గోడలో లేదు. తీగ చుట్టలు చుట్టి, చివర మెలిక దూర్చి ముడేసి ఉంది. ప్లగ్గు స్టూలు మీద నిలబడి ఉంది, మూడు పిన్నులూ పైకి.

ఆకు దగ్గర చూస్తే, చెరకు సారా గ్లాసు సగానికి దిగింది. సిగరెట్టు సగం దాకా కాలి, నుసి రాలకుండా అలాగే నిలిచింది. పీత డెక్క ఒకటి చిట్లి ఉంది. అవ్వ దాన్ని చూసి నవ్వింది. "తిన్నాడు," అంది.

గది అంతా వానకి ముందొచ్చే ఆ వాసన. అంటే అప్పటిదాకా నిచ్చెన నడిచిందన్నమాటే.

నేను ఊరికే నమ్మేరకం కాదు కాబట్టి కిటికీలు చూశాను. గడియలన్నీ వేసే ఉన్నాయి. ఆ గదికి ఇంకో తలుపు లేదు. డానీ అన్న నా వెనకే పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. అవ్వకి ఆ తీగ చుట్టడం రాదు. వచ్చినా, తలుపు తీసిన క్షణంలో చుట్టలేదు. ఒక చేతిలో చెంబుంది. మూత తీస్తే దానంతటదే ఆగే ఏర్పాటేదీ ఆ నిచ్చెనకి లేదు. ఉన్నా, అలాంటి ఏర్పాటు ముడులు వెయ్యదు.

ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి ఆగిపోయిందేమో అని కొన్నేళ్ళు అనుకున్నాను. ప్లగ్గు అసలు ముందు నుంచీ ఊడే ఉందేమో అనీ అనుకున్నాను. కానీ ఆ చప్పుడు నేనొక్కణ్ణే వినలేదు. పొయ్యి దగ్గర డానీ అన్న కూడా విన్నాడు. ఇండియా వచ్చేసి, పెళ్ళి చేసుకుని, జుట్టు నెరిశాక కూడా ఆ లెక్క వేస్తూనే ఉన్నాను.

ఇక కర్పూరం సంగతి. అరచెయ్యి కాలకముందే తీసేస్తాను. ఇందులో కొంచెం నేను కల్పించాను.

ఆ గ్లాసూ, సిగరెట్టూ, పీత డెక్కా కల్పించినవే. అవ్వ నవ్వడం కూడా.

మొదటిసారి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఈ కథ చెప్పినప్పుడు ప్లగ్గు ఒక్కటే చెప్పాను. విన్నవాళ్ళు "అంతేనా?" అన్నారు. మర్నాడు గ్లాసు సగానికి దించాను. జనం కుర్చీలు దగ్గరకి జరుపుకున్నారు. ఆ తర్వాత సిగరెట్టు వెలిగించాను. పీత డెక్క చిట్లింది మాత్రం ఇండియా వచ్చాకే.

నిజంగా జరిగింది ఇది. గ్లాసు అంచు దాకా నిండుగానే ఉంది. సిగరెట్టు ఎవరూ ముట్టించలేదు. కూర మీద మీగడలా నూనె తేరి, వడ్డించినది వడ్డించినట్టే ఉంది. ఏడాది తర్వాత ఇంటికొచ్చినవాడు మెతుకు ముట్టుకోలేదు.

అవ్వ ఆకు వంక చూసింది. స్టూలు వంక చూసింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"సూసినావేటిరా ఈ మనిషిని? ఒక్క ముద్ద తిన్లేదు. పనైపోగానే ఎల్లిపోనాడు. బతికున్నప్పుడూ ఇదే," అని కాసేపు తిట్టింది. తిడుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత లేచి కూర గిన్నె మీద మూత పెట్టింది, చల్లారిపోతుందని. సీసాకి మూత బిగించింది. నా వైపు తిరిగి, "ఆ నీ అద్దం మూత కూడా తెచ్చి ఎట్టెయ్," అంది.

తెచ్చి పెట్టాను. నేను ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా నిచ్చెన మళ్ళీ వెలగలేదు. ప్లగ్గు ఆ స్టూలు మీదే, పిన్నులు పైకే ఉండేది. ఆదివారాలు దుమ్ము దులిపేటప్పుడు అవ్వ స్టూలు చుట్టూ తుడిచేది గానీ, ఆ ముడి మాత్రం ఎవర్నీ విప్పనివ్వలేదు.