బాపు తీసేసిన కడీలు

మొన్న కరీంనగర్‌లో మా వీధి చివరి సైకిల్ షాపు ముందు నుంచి వస్తుంటే, రేకు గిన్నెలో కిరోసిన్ పోసి నానబెట్టిన చైన్ వాసన ముక్కుకు తగిలి అక్కడే ఆగిపోయాను. ఆ వాసనతో పాటే మా పాత వాకిలి, వానకు నల్లబడ్డ మట్టిగోడ, దండెం మీద ఎంతకూ ఆరని నా లంగా, తలకిందులుగా నిలబెట్టిన సైకిల్ ముందు గొంతుకూర్చున్న బాపు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకు వచ్చేశాయి.

మాది ఖానాపూర్ దగ్గర, అడవిని ఆనుకున్న పల్లె. ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపూల మత్తు వాసన ఊరి మీదికి దిగేది. వానలు ముదిరాక ఇంటింటా కాల్చే మక్కకంకుల పొగ చూరులను పట్టుకుని వేలాడేది. బాపుకు, అంటే మా నాన్నకు, కొంచెం పత్తిచేను, ఒక నల్ల సైకిల్. చేను సంగతి ఎట్లా ఉన్నా సైకిల్ మాత్రం ఆయన గర్వం. పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రం అందరికంటే పెద్దది వేయించుకున్నాడు. దాంతో ఒక్క తొక్కుకు బండి చాలా దూరం పోతుంది, కాకపోతే కాళ్లలో అంత బలం కావాలి. అంగడి రోజు ఖానాపూర్ తొవ్వలో బాపును దాటిపోయినవాడు లేడని ఊరంతా చెప్పుకునేది.

మా ఊరి బడి ఏడో తరగతితో అయిపోయింది. హైస్కూల్ ఖానాపూర్‌లో. బస్సు వేళకు రాదు, నడుమ ఎర్రమట్టి మిట్ట. బాపు సైకిల్ మీద దాన్ని సగం కూడా ఎక్కలేక దిగిపోయేదాన్ని. అది చూసి బాపు ఒక చిన్న పళ్ల చక్రం తెచ్చి పెద్దదాని స్థానంలో బిగించాడు. చక్రం చిన్నదయ్యేసరికి చైన్ ఎక్కువై కిందికి వేలాడింది. చైన్ లింకులు, మా ఊళ్లో కడీలంటారు, కొన్ని తీసేస్తే సరిపోయేది. బాపు తీయలేదు, వెనక చక్రాన్ని ఎంత వెనక్కి వస్తే అంత లాగి బిగించి ఊరుకున్నాడు. సెలవుల్లో మళ్లీ తన పెద్ద చక్రం వేసుకోవాలని ఆయన ఆశ. కడీలు తీసి పొట్టి చేస్తే చైన్ దాని మీదికి ఎక్కదు.

శ్రావణమాసంలో ఒకరోజు, ముసురులో, లేచి నిలబడి బరువంతా వేసి మిట్ట ఎక్కుతుంటే చైన్ ఊడింది. కాలు జారి, బండితో సహా కంకర మీద పడ్డాను. చీరుకుపోయిన మోకాలితో, బురదైన పుస్తకాలతో సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి చేరాను.

మా అమ్మను నేను అవ్వ అనేదాన్ని; ఆమె మోకాలికి పసుపు అద్దుతూ తనే ఏడ్చింది. "ఇగ సాలు గీ సదువు. రేపటి సంది నాతోని చేన్లకు రా" అంది.

మా ఇంట్లో అవ్వ మాటకు తిరుగులేదు. నేను బాపు వైపు చూశాను. ఆయన సైకిల్‌ను తలకిందులు చేసి, చైన్ విప్పి కిరోసిన్‌లో వేశాడు. చైన్‌లో ఒక కడీ లోపలిదైతే పక్కది బయటిది. జతగా తీస్తేనే కొసలు మళ్లీ కలుస్తాయి. పిన్ను మీద సన్నమొల ఆనించి సుత్తి ఎత్తగానే అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది.

"గవి తీసేస్తే మల్ల నీ పెద్ద చక్రం ఎక్కుతదా?"

"ఎక్కది."

"మరి?"

"నాకేం తొందరున్నదే, నిమ్మలంగ పోత. పోరి బడి ఆగద్దు."

సుత్తి దెబ్బ పడింది. అవ్వ లోపలికి పోయి నా పుస్తకాలను పొయ్యి పక్కన ఒక్కొక్కటే తెరిచి ఆరబెట్టింది.

బాపు కొసలు కలిపాక నా బొటనవేలితో చైన్ నడుమ నొక్కించాడు. "జర ఊగాలె, ఏలాడొద్దు" అన్నాడు. తెల్లారి మిట్టను దిగకుండా ఎక్కేశాను. ఆ బతుకమ్మకు మిట్ట మీద తంగేడు పూలు కోసి, క్యారియర్ నిండా కట్టుకుని వస్తే అవ్వ నా చేతిలో రొట్టె, బెల్లం కలిపి చేసిన వెచ్చటి మలీద ముద్ద పెట్టింది.

అంగడి రోజు మాత్రం బాపు చిన్న చక్రం మీద కాళ్లు గిరగిరా తిప్పుతూ అందరి వెనక పడేవాడు. ఒకాయన దాటిపోతూ అరిచాడు: "ఏంది బావా, సైకిలా కుట్టుమిషనా?"

బాపు నవ్వాడు. "నా బండి గాదు బావా, నా బిడ్డది. అడుక్కొచ్చుకున్న."

బాపు పోయి చాలా ఏళ్లైంది. తంగేడు పొదలు పోయాయి, పిల్లలు స్కూలు బస్సుల్లో పోతున్నారు. కిందటి బతుకమ్మకు ఊరికి పోయినప్పుడు మా అమ్మాయికి ఆ మిట్ట చూపించాలని కారు అద్దం దించి కూర్చున్నాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని తవ్వి చదును చేశారట. ఎక్కడ పడ్డానో, ఎక్కడ ఎక్కానో వెతుక్కుంటూ ఉండగానే ఖానాపూర్ వచ్చేసింది.