యూసుఫ్ మాస్టారికి దక్కని జవాబు

2022 ఎండాకాలం. పాతబస్తీలో ఒక ట్రస్టు ఆసుపత్రి డయాలిసిస్ యూనిట్‌లో సీనియర్ నర్సుగా పనిచేస్తున్నాను. మూత్రపిండాలు పాడైనవాళ్ళ రక్తాన్ని యంత్రంలోంచి పంపి శుభ్రం చేసి మళ్ళీ ఒంట్లోకి ఎక్కించడమే డయాలిసిస్. ఒక్కసారి కూర్చుంటే నాలుగు గంటలు కదలకూడదు. ఆ నాలుగు గంటల్లో మనిషి ఏమిటో మాకు తెలిసిపోతుంది. కొందరు నిద్రపోతారు, కొందరు ఫోన్ చూస్తారు, కొందరు మమ్మల్ని తిడతారు. యూసుఫ్ మాస్టారు ఖురాన్ చదివేవారు. అదీ తెలుగులో.

ఆయనది నల్గొండ వైపు పల్లె. సర్కారు బడిలో తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఎడమ చేతికి ఫిస్టులా ఉండేది, అంటే సూది గుచ్చడానికి వీలుగా సిరను ధమనితో కలిపి కుట్టిన చోటు. కుడిచేత్తో పుస్తకం పట్టుకుని, పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు గడ్డంతో అదిమిపెట్టేవారు. చూడలేక ఒకసారి నేనే తిప్పబోయాను.

"వద్దు బిడ్డా, ఇంకా అర్థం కాలే. అర్థమైనంకనే తిప్పుత" అన్నారు.

మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి సైదాబాద్‌లో స్థిరపడ్డారు. పాతబస్తీలో ఇన్నేళ్ళు పనిచేసినా ఖురాన్ అంటే రాగం తీసి చదివేదనే అనుకున్నాను. ఆ మాటే ఆయనతో అన్నాను.

ఆయన నవ్వారు. "చదువుతే పుణ్యమే. కానీ అది మాటిమాటికీ అడుగుతది, మీరు ఆలోచించరా అని. ఇబ్రాహీం ప్రవక్త కథ చూడు. చుక్కను చూసి ఇదే దేవుడా అనుకుంటడు, అది మునుగుతది. చంద్రుణ్ణి చూస్తడు, అదీ మునుగుతది. సూర్యుడూ అంతే. మునిగేది దేవుడెట్లయితదని ఒక్కొక్కటి కొట్టేసుకుంట పోతడు. నేను పదో తరగతి పోరగాళ్లకు చెప్పిన లెక్క గట్లనే ఉంటది."

ఆయనకు మతం అంటే ఇదే. పొద్దున లేచిన దగ్గర్నుంచి చేసే ప్రతి పనికీ ఎందుకు అని అడగడం, జవాబు దొరికాక దానికి కట్టుబడడం. తాతలు చేశారు కాబట్టి మేమూ చేస్తామన్నవాళ్ళను, తాతలకు తెలివి లేకపోయినా చేస్తారా అని ఖురానే నిలదీస్తుందని చెబుతూ ఆయన భలే సంబరపడేవారు.

ఆ రంజాన్ నెలలో పక్క కుర్చీ పెద్దాయన ఉపవాసం ఉండి, ఇఫ్తార్‌లో ఖర్జూరాలు తిని మా దగ్గరికి వచ్చారు. కిడ్నీ రోగికి ఖర్జూరం విషంతో సమానం. అందులోని పొటాషియం రక్తంలో నిలిచిపోయి గుండెను ఆపేస్తుంది. ఆయన నాడి అందలేదు. డాక్టరూ నేనూ కిందా మీదా పడి నిలబెట్టాం. ఆయన తేరుకున్నాక మాస్టారు అడిగారు.

"రోగమున్నోడికి రోజా మాఫ్ ఉన్నది కదా భాయ్. ఒక పేదోనికి అన్నం పెట్టు, చాలని ఉన్నది. దేవుడు నీకు సులువు చేస్త అంటుంటే, వద్దు నాకు కష్టమే కావాలనుడేంది?"

"మనసు ఒప్పలే మాస్టర్ సాబ్" అన్నాడాయన.

"ఒప్పనిది నీ మనసు. గది దీన్ మీద ఎయ్యకు."

దీన్, అంటే మతం విషయంలో అంత నిక్కచ్చి మనిషి.

ఆయన భార్య జుబేదమ్మకు షుగరు. కిడ్నీ ఇస్తానని ఏడ్చినా డాక్టర్లు కుదరదన్నారు. పిల్లల్లేరు. ఇక మిగిలింది తమ్ముడు ఖలీల్. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం. తండ్రి చిన్నతనంలోనే పోతే, మాస్టారే అతన్ని పెంచి, చదివించి, దుకాణం పెట్టించారు. అన్నకు కిడ్నీ ఇస్తానని అతనే ముందుకొచ్చాడు. క్రాస్‌మ్యాచ్ చేశాం. ఇచ్చేవాళ్ళ రక్తం, పుచ్చుకునేవాళ్ళ రక్తం కలిపి, ఒంటికి పడుతుందో లేదో చూసే పరీక్ష అది. చక్కగా కుదిరింది. మా యూనిట్‌లో అంత మంచి కబురు అరుదు. ఆరోజు ఖలీల్ అందరికీ స్వీట్లు పంచాడు. జుబేదమ్మ నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డాక ఖలీల్ ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి ఒక మధ్యాహ్నం మేనమామను వెంటబెట్టుకుని వచ్చాడు. మాస్టారిని చక్రాల కుర్చీలో కౌన్సెలింగ్ గదికి తీసుకెళ్ళాను. నన్నూ ఉండమన్నారాయన.

మేనమామే మొదలుపెట్టాడు. "యూసుఫ్, ఒళ్ళు అల్లా మనకు దాచుకొమ్మని ఇచ్చిన అమానత్. మనది కాదు. కోసి ఇచ్చే హక్కు మనకు లేదంటున్నరు. తమ్ముణ్ణి పాపంలకు దింపకు."

"ఎవరన్నరు మామూ? ఇయ్యొచ్చని చెప్పిన, దీన్ చదివిన ఆలిములు కూడ మస్తుమంది ఉన్నరు. ఇద్దరి మాటా విన్నరా?"

"మాకు గవన్నీ తెల్వది. మనోళ్లల్ల ఎవరూ ఇయ్యలే."

మాస్టారు మేనమామను వదిలేసి తమ్ముడి వైపు తిరిగారు. "ఖలీల్, నువ్వు చెప్పు."

ఖలీల్ తలెత్తలేదు. "దీన్‌ల లేదట భాయిజాన్."

"నువ్వు చదివినవా?"

ఖలీల్ ఓరగా మేనమామ వైపు చూశాడు.

"ఇటు చూడురా. నీకు భయమైతే భయమని చెప్పు. కోస్తరంటే ఎవనికి భయం కాదు? నీకు పెండ్లాం పిల్లలు ఉన్నరు. నీ కిడ్నీ నీది, ఇయ్యకు. నేను ఇసుమంత కూడ బాధపడ. కానీ నీకు, నీ రక్తసంబంధానికి నష్టమైనా సరే సాక్ష్యం నిజమే చెప్పుమని గా పుస్తకంలనే ఉన్నది. గంతే అడుగుతున్న. భయమైతున్నది అన్నా, అని ఒక్క మాట అను."

ఖలీల్ మెడ మీద చెమట కారుతోంది. పెదాలు కదిలాయి. నేను అతని నోటివైపే చూస్తున్నాను.

"దీన్‌ల లేదట" అన్నాడు మళ్ళీ.

మేనమామ అతని భుజం పట్టి లేపాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక ప్రాణాన్ని కాపాడితే మానవజాతినంతా కాపాడినట్టేనని ఖురాన్‌లో ఉందని అంతకుముందు ఆయనే నాకు చెప్పారు. "ఆ మాట అతనికి ఎందుకు చెప్పలేదు మాస్టారూ?" అని అడిగాను.

"అది నాకు లాభమొచ్చే మాట బిడ్డా. నేను చెప్తే బేరమైతది. వాడు వాడంతట చదువుకోవాలె. అయినా జబర్దస్తీ చేసి తీసుకునేదా అది?"

ఆ సాయంత్రం విషయం విని మా డాక్టరుగారు "వాళ్ళింతే సిస్టర్" అన్నారు. అదే నెలలో మా దగ్గరే ఇంకో పేషెంటు అన్నయ్య, జాతకంలో గండం ఉందని సిద్ధాంతి చెప్పాడంటూ తప్పుకున్నాడు. అప్పుడు ఇదే డాక్టరుగారు "పాపం, భయపడ్డాడు" అన్నారు. ఒకరి భయం భయంగా కనిపించింది, ఇంకొకరిది మతంగా కనిపించింది. ఆ మాట నేను ఆయన మొహానే అన్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు.

బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ కిడ్నీ కోసం మాస్టారి పేరు ప్రభుత్వ జాబితాలో ఉంది. వంతు రాలేదు. వానాకాలంలో చేతి ఫిస్టులా గడ్డకట్టి మూసుకుపోయింది. మెడలోంచి గొట్టం వేసి డయాలిసిస్ చేయాల్సి వచ్చింది. ఆ గొట్టం దగ్గర ఇన్‌ఫెక్షన్ పుట్టి రక్తంలో కలిసింది. చలిజ్వరంతో వణుకుతూ కూడా ఆయన తలుపువైపు చూడడం గమనించాను. "ఖలీల్‌కి కబురు చేయమంటారా?" అని అడిగాను.

"నేను పిలిస్తే మళ్ల కిడ్నీ కోసమనుకుంటడు. వద్దు" అన్నారు. మళ్ళీ ఆయనే, "వాడు చిన్నప్పుడు లెక్క తప్పితే తప్పిందని చెప్పెటోడు. మంచి గుణం ఉండె" అన్నారు.

రెండు రోజుల తర్వాత ఆయన పోయారు. గోడకు నుదురు ఆనించి జుబేదమ్మ చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

నలభయ్యో రోజు దాటాక ఖలీల్ యూనిట్‌కి వచ్చాడు. మేనమామ లేడు. చిక్కిపోయి ఉన్నాడు.

"సిస్టరమ్మా, ఆఖరికి అన్న ఏమన్న అన్నడా నా గురించి?"

"నువ్వేం చెప్దామని వచ్చావు?"

అతను నేలవైపు చూశాడు. "నాకు భయమైంది" అన్నాడు. "మస్తు భయమైంది. చిన్న పిల్లలు. బల్ల మీదనే పోతనేమోనని. అన్నకు చెప్పనీకె సిగ్గయింది. నన్ను మాఫ్ చేసిండా?"

నేను ఊరడించి పంపవచ్చు. మా ఉద్యోగంలో అది అలవాటే. కానీ ఆ గదిలో ఆయన గొంతు నా చెవుల్లో ఇంకా ఉంది.

"నీ భయాన్ని ఆయన ఆరోజే మాఫ్ చేశారు ఖలీల్. నువ్వూ విన్నావు. దాన్ని దీన్ మీద వేసినందుకు మాఫ్ చేశారో లేదో నాకు చెప్పలేదు" అన్నాను.

అతను వెళ్ళిపోయాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ పూర్తిగా కలగడం లేదు.

ఆ తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. దాతలుగా వచ్చి, మా మతం ఒప్పుకోదనో, మా దేవుడు వద్దన్నాడనో, చర్చిలో కాదన్నారనో వెనక్కి తగ్గేవాళ్ళను పెద్దల ముందు అడగను. ఒంటరిగా కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, "భయమేస్తోందా?" అని అడుగుతాను. చాలామంది తల ఊపుతారు. కొందరు ఏడుస్తారు. అలాంటివాళ్ళ పరువు పోకుండా వైద్యపరంగా సరిపోలేదని చెప్పి పంపే పద్ధతి ఆసుపత్రుల్లో ఉంది. నేనూ పంపుతాను. దేవుడి పేరు వాడుకోవడం కంటే మా డాక్టర్ల పేరు వాడుకోవడమే నయం.

భయపడినవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆలోచించమని చెప్పే పుస్తకాన్ని ఒక మనిషి జీవితమంతా నమ్మి, అందులో ఉన్నట్టే నడుచుకుని, చివర్లో అడిగింది కిడ్నీ కాదు. భయమైతున్నదని తమ్ముణ్ణి ఒక్క మాట అనమన్నాడు. అదీ దక్కలేదు.