గాడ్‌ఫ్రీ కప్పు, హిల్డా మడి

మా వాళ్ళకి కోపానికి ఉన్నన్ని పేర్లు వానకి కూడా లేవు. ఇంగ్లండులో ఎప్పుడూ ముసురు పట్టి ఉండే లాంకషైర్‌లో పుట్టి పెరిగినదాన్ని, వాన సంగతి నాకు బాగా తెలుసు. ఎవరి కోపానికి ఏ పేరు పెట్టాలో తేల్చడానికి కోపాన్ని చూడక్కర్లేదు, మనిషిని చూస్తే చాలు.

ఊరి చివర, రైలు పట్టాల పక్కన, ముప్పై కూరగాయల మడులున్నాయి. అడిగినవాళ్ళకి మడుల సంఘం సాగుకి ఇస్తుంది. పధ్నాలుగో మడి హిల్డా షటిల్‌వర్త్‌ది. బస్సు డిపో క్యాంటీన్‌లో ముప్పై ఏళ్ళు వండిన మనిషి. ఉండేది మూడో అంతస్తులో, కిటికీ తీస్తే ఎదురుగా గోడ. మొగుడు పోయాక ఆ మడే ఆమెకు ఇల్లూ వాకిలీ అయింది. పొద్దున్నే వచ్చి క్యాబేజీల మొదట్లో మట్టి ఎగదోస్తూ చీకటి పడేదాకా అక్కడే ఉండేది. నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ నోట అబద్ధం వినలేదు నేను.

సంఘం అధ్యక్షుడు గాడ్‌ఫ్రీ పెంబర్టన్, బ్యాంకు మేనేజరుగా రిటైరైనవాడు. తన పార ఎవరైనా పక్కకి జరిపినా ఊరంతా వినపడేలా అరుస్తాడు. ఆ అరుపుకి మా వాళ్ళు పెట్టిన పేరు ‘గ్రంపీ’. అంటే సణుగుతాడు గానీ మనసు వెన్న అని. పుట్టినరోజుకి కోడలు ఆ మాట రాయించిన కప్పు కొనిచ్చింది. దాన్ని బిరుదులా సంఘం షెడ్డులో కొక్కేనికి తగిలించుకుని, అందులోనే టీ తాగుతాడు.

నేను థెల్మాని, సంఘం కార్యదర్శిని. మినిట్సు పుస్తకం నా చేతిలో ఉంటుంది.

మొదటిసారి గాడ్‌ఫ్రీ కుక్క హిల్డా క్యాబేజీలు తవ్వేసింది. ఆమె కసిరింది. ‘టెచీ’ అని గాడ్‌ఫ్రీ నాచేత పుస్తకంలో రాయించాడు. ముట్టుకుంటే చిటపటలాడుతోంది, రెండ్రోజులుంటే అదే పోతుంది అని. తర్వాత అతను పలకరిస్తే ఆమె వారంపాటు మొహం తిప్పుకుంది. ఈసారి ‘సర్లీ’. మూతి ముడుచుకుని, పలకరించినా పలకని పెడసరం. కుక్క ప్రస్తావన పుస్తకంలో ఎక్కడా లేదు.

పోయిన వేసవిలో నీళ్ళ కరువొచ్చి రబ్బరు గొట్టాలు వాడొద్దని కౌన్సిల్ ఆజ్ఞ వేసింది. అందరం డబ్బాలతో మోసి చస్తుంటే గాడ్‌ఫ్రీ తన గులాబీలకి గొట్టం పెట్టాడు. హిల్డా వెళ్ళి కుళాయి కట్టేసింది. దానికి అతను వెతికి తెచ్చిన మాట ‘కాంటాంకరస్’. కనిపించినవాళ్ళతో కయ్యం పెట్టుకోవడం ఈ మనిషి పుట్టుకే, ఇక మారదు అని దానర్థం. మా నిబంధనల్లో ఐదోది ఏమంటుందంటే, కోపం వచ్చినవాళ్ళకి మడి పోదు, కోపమే స్వభావమైనవాళ్ళకి పోతుంది. ఆ ఒక్క మాట పుస్తకానికెక్కితే హిల్డా మడి పోయినట్టే.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో విచారణ పెట్టారు. ముందు టీ, బిస్కెట్లు. ఉరి తీసేముందు కూడా పంచదార ఎన్ని చెంచాలని అడిగే జాతి మాది. హిల్డా చేతికందిన కప్పు తీసుకుని టీ పోసుకుంది. అది గాడ్‌ఫ్రీది.

“అది నా కప్పు!” అతను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. “ఎవరిచ్చారు నీకా అధికారం? దించు! దించమంటుంటే!” బల్ల మీద గుద్దిన గుద్దుకి బిస్కెట్లు ఎగిరిపడ్డాయి.

“కప్పేగదయ్యా,” అంది హిల్డా. “నీ కుక్క నా క్యాబేజీలు తవ్వితే నేనింత అరవలేదే.” తర్వాత నా వైపు తిరిగింది. “థెల్మా, రాస్తున్నావుగా? ఆయనకేం రాస్తావో నాకూ అదే రాయి తల్లీ. ఇంకేం అడగను.”

కోశాధికారి మార్జరీ పడ్డ కుర్చీ లేపుతూ, “ఆయన కొంచెం గ్రంపీ, పాపం! మనకి తెలీందా!” అంది. అందరూ నవ్వారు. గాడ్‌ఫ్రీ కూడా మురిపెంగా నవ్వాడు.

రాసింది చదవమన్నారు, చదివాను. ‘అధ్యక్షులవారు కొంచెం గ్రంపీగా ఉన్నారు. హిల్డా కాంటాంకరస్.’ ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమంటే ఐదు లేచాయి. ఐదోది నాది. ఎత్తకపోయినా నాలుగు సరిపోయేవి, నన్నెవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అయినా ఎత్తాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

హిల్డా ఆ కప్పు కడిగి, తుడిచి, కొక్కేనికి తగిలించింది. “నీ దస్తూరి గుండ్రంగా బాగుంటుందే,” అని నాతో అని వెళ్ళిపోయింది.

పధ్నాలుగో మడి ఇప్పుడు గాడ్‌ఫ్రీ కోడలిది. క్యాబేజీలు పీకేసి గులాబీలు పెట్టింది. హిల్డా పొద్దున్నే బస్టాపు బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఏ బస్సూ ఎక్కదు.

మొన్న ఆ కుక్క నా చిక్కుడు పాదులు తవ్వింది. “కుక్కని కట్టేసుకోండి” అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో. ఆదివారం మీటింగులో గాడ్‌ఫ్రీ తన కప్పులో టీ ఊదుకుంటూ, “రాసుకోమ్మా,” అన్నాడు. “థెల్మా ఈమధ్య కొంచెం టెచీగా ఉంటోంది.”

రాసుకున్నాను. గుండ్రంగానే.