పలకకపోతే లేపెయ్

కామెంటు అంటే ప్రోగ్రాములో యంత్రం చదవని వాక్యం. ఫలానా పని ఎందుకు చేస్తున్నామో తర్వాత వచ్చే మనిషికి తెలియడానికి పక్కన రాసిపెడతారు. యంత్రం దాన్ని దాటుకుని పోతుంది. మా ఇంటామె ఈ సంగతి చెప్పగానే నాకు అర్థమైంది. ఇంట్లో నా మాటకు ఉన్న హోదా కూడా అదే.

తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడినవాణ్ణి నేను. కర్నూల్లో పెండ్లిపత్రికలు, కరపత్రాలు కంప్యూటర్లో కొట్టి ఇచ్చే అంగడి నాది. మా ఇంటామె బాగా చదువుకుంది. వాళ్ళది బద్వేలు. వాళ్ళన్న కూడా కర్నూల్లోనే ఉంటాడు. అన్నాచెల్లెళ్ళు కలిసి ఒక ప్రైవేటు ఆసుపత్రికి ప్రోగ్రాములు రాస్తారు. హాల్లో కూర్చున్నవాళ్ళను నంబరు పెట్టి ఫలానా గదికి రమ్మని పిలిచే గొంతు వాళ్ళ చలవే. ఆ పిలిచేదానికీ, చీటీలిచ్చేదానికీ, అన్నింటికీ పైన మేస్త్రీలాంటి ప్రోగ్రాము ఒకటి ఉంది. కిందవాటిలో ఏది పడిపోయినా మళ్ళీ లేపి పనిలో పెట్టడమే దాని ఉద్యోగం. మా పాస్టరుగారికి ఇది వివరిస్తే శ్రద్ధగా విని, "ఎన్ని దినాలకు లేపుతుంది?" అని అడిగారు. మూడో దినం దాకా ఆగదు, క్షణాల్లోనే అని చెప్పాను. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించారు.

ఆ మేస్త్రీ దగ్గరే అన్నాచెల్లెళ్ళకు చెడింది. అది ఏం చెయ్యాలో అన్న కామెంట్లలో చెబుతాడు, చెల్లెలు ఆ ప్రకారం ప్రోగ్రాము రాస్తుంది. ఒకరోజు పిలిచే ప్రోగ్రాము బిగుసుకుపోయింది. మేస్త్రీ దాన్ని అలాగే వదిలేసి పక్కన ఇంకొకదాన్ని లేపింది. కాసేపటికి మొదటిదానికీ తెలివొచ్చింది. ఇక రెండూ పోటీపడి ఒకే నంబరును చెరొక గదికి పిలవడం మొదలుపెట్టాయి. ఎక్స్‌రేకు పోవాల్సిన పెద్దాయన ఒకాయన పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. నొప్పి మోకాలికి అని చెప్పుకుందామంటే నోరు ఖాళీగా లేదు.

మరుసటి రోజే మా ఇంటామె సరిచేసింది: బిగుసుకున్నదాన్ని ముందు చంపి, తర్వాత కొత్తదాన్ని లేపేలాగా. అన్న తప్పు చెబితే తాను దిద్దానని ఆమె లెక్క. తాను సరిగ్గానే చెబితే చెల్లెలు ఆలస్యంగా విన్నదని ఆయన లెక్క. మాటలు ఆగిపోయాయి. ఫైళ్ళు మాత్రం ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతూనే ఉన్నాయి. చర్చిలో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు కాబట్టి అక్కడా ఎవరూ కనిపెట్టలేదు. ఆదివారం కూర వండగానే ఈమె అలవాటుగా అన్నకని ఒక గిన్నె పక్కకు తీసేది. కాసేపు దాని వంక చూసి, తెచ్చి నాకు పెట్టేది. వాళ్ళ కోపం వల్ల నేను లావెక్కాను.

ఇంతలో ఆసుపత్రి వాళ్ళు ఆ మేస్త్రీ ప్రోగ్రామును ఇకనుంచి చూసుకోవడానికి కొత్త మనిషిని పెట్టుకున్నారు. అతనికి అర్థమయ్యేలా కామెంట్లు శుభ్రం చేసి ఇమ్మన్నారు. ఒకరు రాసింది ఇంకొకరు ముట్టుకోరాయె.

"నువ్వు చెయ్యప్పా. పెండ్లిపత్రికల్లో తప్పులు దిద్దుతావు గదా" అంది మా ఇంటామె.

"తప్పులైతే దిద్దుతా. పెండ్లికొడుకును ఎప్పుడూ మార్చలేదు మే."

"ఈడా మార్చొద్దు. ప్రోగ్రాము జోలికి పోవద్దు. కామెంట్లు మాత్రమే."

కూర్చున్నాను. అంతా ఇంగ్లీషు అక్షరాల్లో బద్వేలు తెలుగు. "ఇది ఎట్ల పనిచేస్తాందో తెలీదు, కదిలించొద్దు" అని అన్న. "నీకు తెలిసిందేముండాది?" అని కింద చెల్లెలు. చదువుతుంటే ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని గిల్లుకుంటున్నట్టు ఉంది. కొంచెం కిందికి పోయేసరికి ఆమె కామెంట్లు "మీరు"లోకి మారాయి. "మీరు పంపిన మార్పు చేర్చడమైనది, గమనించగలరు." కరపత్రాలు కొట్టేవాణ్ణి, నాకు తెలుసు, సొంతవాళ్ళకు ఎవరూ గమనించగలరు అని రాయరు.

సాయంత్రానికి పని ముగించాను. ఆమె వచ్చి చూసింది.

"ఏమప్పా, ఈడ అన్న రాసిన లైను ఒకటి ఉండాల. యాడికి పాయ?"

"లేపేసినా."

"ఎందుకు?"

"ఆయనే రాసినాడు గదా, 'పలకకపోతే లేపెయ్' అని. మీరిద్దరూ పలుక్కుంటాండారా? ల్యా. నాకే చెప్పినాడనుకొని లేపేసినా."

నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. మళ్ళీ ఆపేసి, "లేపెయ్ అంటే తీసెయ్ అనా? పడినదాన్ని లేపమని గదా. నేను అట్లనే రాస్తి" అంది.

"సంతలో నా పర్సు లేపేసినారంటే, దాన్ని నిద్ర లేపి కాఫీ ఇచ్చినారనా? సినిమాలో ఒకణ్ణి లేపేసినారంటే, వాడు లేచి మొగం కడుక్కుంటాడా?"

ఆమె తన ప్రోగ్రామును ఇంకోసారి చదువుకుంది. తర్వాత ఫోను నా ముందుకు తోసి, "అన్నను నువ్వే అడుగు. నేనున్నానని చెప్పొద్దు" అంది. ఫోను చేసి స్పీకరు పెట్టాను. ఆయనా నేనూ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

"బావా, తెలుగులో ఒక డౌటు."

"తొమ్మిది దాకా చదివినోనివి, నీకు డౌటేంది బావా?"

"లేపెయ్ అంటే ఏం?"

"సంపెయ్ అని. బిగుసుకున్నదాన్ని సంపెయ్‌మని శానా తేటగా రాసింటి. ఎవరికి అర్థం కాలేదో పోయి వాళ్ళనడుగు."

"లేపెయ్ అంటే సంపడమేంది అన్నా?" అని ఈమె మధ్యలో దూరింది. దూరినాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు ఆడనే ఉండావా?"

"ఉండా. చిన్నప్పుడు పొద్దున్నే అమ్మ, 'అన్నను లేపెయ్ పాపా, బడికి పొద్దుపోతాంది' అనేది గదా. అప్పుడు నిన్ను సంపుతాంటినా?"

"సంపుతానే ఉంటివి గదమ్మే. మొగాన చెంబు నీళ్ళు పోసి!"

ఆమె స్పీకరు తీసేసి ఫోను చెవికి పెట్టుకుని మిద్దె మీదికి పోయింది. నా డౌటు తీరిందా లేదా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

తీసేసిన లైను స్థానంలో, "స్పందించనిచో ముందు నిలిపివేసి, పిమ్మట ప్రారంభించవలెను" అని పెండ్లిపత్రిక భాషలో ఒకటి చేర్చాను. మరుసటి రోజు బావ దగ్గర నుంచి ఫైలు వచ్చింది. నా లైను కింద ఒక కామెంటు: "బావను ఈ ఫైలు దగ్గరికి రానియ్యొద్దు." దాని కింద ఈమె: "సరే అన్నా. ఆదివారం కూరకు రా. నీ బావ లావైపోతాండాడు."

నాకు అప్పజెప్పిన పని ప్రకారం ఆ రెండింటినీ లేపెయ్యాలి. కొత్తగా వచ్చే మనిషికి వాటితో పనిలేదు. యంత్రం ఎటూ చదవదు. ఉండనిచ్చాను.