దుకాణం గడపలో పొయ్యి పెట్టిన ఆపా

మా పక్కింటి ఆపా పోయింది. మొన్న శుక్రవారం పొద్దున నమాజు చదువుకుని, పొయ్యి మీద ఛాయ్ పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుందట. ఛాయ్ పొంగిన వాసనకు కోడలు వచ్చి చూసేసరికి ప్రాణం లేదు. ఆమె నా తోడబుట్టినది కాదు. అయినా నేను ఆపా అన్నాను, ఆమె నన్ను భాయ్ అంది, ఇన్నేళ్లూ అట్లాగే గడిచింది. పెద్దగా చదువుకోనివాణ్ణి, తప్పులుంటే మన్నించండి. ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను గానీ, నా బంగారు మనవరాలు ఒళ్లో ఎక్కి కలం లాగుతుంటే నవ్వే వస్తోంది. ఈ పిల్ల నా ఒళ్లో ఉందంటే అది ఆపా పుణ్యమే!

ఆపా కోపం మామిడి తొక్కులాంటిది. ఏడాది గడిచినా పాడయ్యేది కాదు. ఒకసారి ఒకాయన కుళ్లిన గుడ్డు అంటగట్టాడు. ఆ దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా ఆపా కొంగుతో ముక్కు మూసుకునేది. ఆయన గుడ్లు మానేసి బట్టలు అమ్ముతున్నా మూసుకునేది. "ఇంక మాఫ్ చెయ్యరాదు ఆపా?" అని అడిగితే, "నేను మర్చిపోతే వాడు మంచోడైపోతడు భాయ్" అనేది.

పోయినేడు తెలంగాణ కోసం బస్సులు ఆగిపోయిన సమ్మె రోజుల్లో ఆ కోపం నాకు అక్కరకు వచ్చింది. నా బిడ్డ రెండో కాన్పుకు మర్కూక్‌లో అత్తగారింట్లో ఉంది. నెలలు నిండాయి. అల్లుడు సమ్మెలో పడి పట్నంలోనే ఉన్నాడు. బిడ్డ చేతిలో ఉన్నది నేను కొనిచ్చిన సెల్లు. దానికి కంపెనీ లాకు వేసి ఉంది. ఆ కంపెనీ సిమ్ము తప్ప మరొకటి పని చేయదు. ఆ కంపెనీ సిగ్నలేమో మర్కూక్‌లో అందదు. నొప్పులు వస్తే మాకు తెలిసేదెట్లా?

గడువు తీరాక లాకు తీసే నంబరు ఇస్తానని అమ్మినాయన మాటిచ్చాడు. గడువు తీరింది. దొరికిన బండి ఎక్కి మర్కూక్ పోయి సెల్లు తెచ్చుకుని, ఆపాను తోడు పెట్టుకుని, మా సిద్దిపేటలోనే ఉన్న ఆయన దుకాణానికి వెళ్లాను.

"నంబరు పైనుంచి రావాలె తాతా. గీ డబ్బా పట్టుకుని ఎన్ని దినాలు తిరుగుతవ్? కొత్తది కొనరాదు?" అన్నాడు.

"బిడ్డకు నెలలు నిండినయ్ బాబూ."

"అయితే నేనేమన్న మంత్రసానినా?"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను తల దించుకుని జేబులో చేయి పెట్టాను. ఆపా నా మణికట్టు పట్టుకుంది. "కొన్న చీజ్ మనది, తాళం వానిదా? కొత్తది కొన్నవంటే నా మీద ఒట్టే భాయ్."

మర్నాడు చౌరస్తాలో వంటావార్పు. తెలంగాణ కోసం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరం అక్కడే కూర్చుని తినాలి. బగారన్నం ఆపా వంతు. ఆమె మూడు రాళ్లు మోయించుకుపోయి సరిగ్గా ఆ దుకాణం గడపలో పెట్టించింది.

"ఖాలా, చౌరస్తా గాడుంది గదా!" అని పిల్లలు అరిచారు.

"గాలి గీడికి ఉంది బేటా. గాలి చూసే పొయ్యి పెట్టాలె."

పచ్చికట్టెలు ఏరి మరీ పెట్టింది. పొగంతా దుకాణంలోకే. దుకాణపాయన దగ్గుకుంటూ బయటికి వచ్చాడు. వద్దని అనలేడు, అంటే జనం ఊరుకోరు.

"అమ్మా, నేను సుత తెలంగాణోడినే!"

"మంచిగైంది బేటా. పొగ సుత తెలంగాణదే."

"గా నంబరు కోసమేనా గిదంతా?"

"నాకేం నంబరు? నాకు అన్నం ఉడకాలె. ఒక్క డేగ్చా అయింది, ఇంకోటి ఎక్కిస్త."

నేను పక్కనే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఉల్లిగడ్డ లేకున్నా నా కళ్ల నుంచి నీళ్లు కారేవే, అంత సంతోషం! ఇన్నాళ్లూ పైనుంచి రాని నంబరు రెండో డేగ్చా దించకముందే వచ్చింది. వేరే సిమ్ము వేయించి, ఆ నంబరును ఆయన వేలితోనే కొట్టించింది ఆపా. లాకు పోయింది. ఆ తర్వాత ఆయనకు ఒక విస్తరి వేసింది. "తిను. మళ్ల వెయ్యాల్నా?" అని ఎదురుగా కూర్చుని, మెతుకు మిగలకుండా తినిపించింది.

సెల్లు తీసుకుపోయి బిడ్డ చేతిలో పెట్టి వచ్చాను. ఆ వారంలోనే ఒక పొద్దున మా ఇంట్లో ఫోను మోగింది. "బాపూ, నొప్పులు మొదలైనయ్. జల్ది రా!" జీపు మాట్లాడుకుని పోయాం. ముందు సీట్లో ఆపా. గజ్వేల్ దవాఖానలో పిల్ల పుట్టి కెవ్వుమంది. ఆపా ఆ సెల్లే తీసుకుని దుకాణపాయనకు ఫోను చేయించింది. "మంత్రసాని దొరికింది బేటా. నువ్వు ఇను, చాలు" అని పసిదాని నోటి దగ్గర పెట్టి, ఏడుపు ఆగేదాకా తీయలేదు.

మొన్న ఆపాను మోసుకుపోయిన జనాజా ఆ సెల్లు దుకాణం ముందు నుంచే పోయింది. ఆయన బయటికి వచ్చి నెత్తికి రుమాలు కట్టుకుని నిలబడ్డాడు. పాపం అందామనుకున్నాను, ఆపా మాట గుర్తొచ్చింది. ఆయన మొహం చూడకుండా పైకి చూశాను. ఎన్నిసార్లు తెల్లరంగు వేయించాడో గానీ, గడప మీది గోడకు పొగ నలుపు మళ్లీ బయటికి వచ్చింది. కింద సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పవుతూ.