తెల్లబడని చింతపిక్క

తిరువూరు హైస్కూలు రిబ్కా టీచరు కంటిచూపుతో బస్సులాపేది. నవ్వకండి. సాయంత్రం బస్టాండు పక్కగా ఇంటికి పోతూ ఆవిడ తలెత్తి చూసిందంటే, విజయవాడ నుంచి దుమ్ము లేపుకుంటూ వచ్చే బస్సు ఎక్కడిదక్కడ నిలిచిపోయేది. బ్రేకు తొక్కానో లేదో డ్రైవరుకే గుర్తుండేది కాదు. దిగినవాళ్ల మొహాలన్నీ చూసి ఆవిడ తల దించుకున్నాకే ఇంజనుకి మళ్లీ ప్రాణం వచ్చేదని ఊరంతా ఒట్టేసి చెప్పేది.

దిగాల్సినవాడు సుందరరాజు. ట్రైనింగు కాలేజీలో రిబ్కాతో చదివినవాడు. బీహారులో యురేనియం గనిలో ఉద్యోగం వచ్చిందని వెళుతూ, పర్మనెంటు కాగానే వచ్చి చేసుకుంటానన్నాడు. ఆ తర్వాత మాటా లేదు, మనిషీ లేడు. గనిలో పని కదా, సెలవు దొరకలేదేమోనని రిబ్కా ఏటికేడాది తనకు తనే సర్దిచెప్పుకునేది. ఈలోగా వాళ్లమ్మ విస్సన్నపేటలో పనిచేసే కృపానందం మాస్టారి సంబంధం తెచ్చింది. ఆదివారం ప్రార్థనయ్యాక చూడ్డానికి వస్తామన్నారు. రమ్మనాలో వద్దో శనివారంలోపు చెప్పాలి.

అది డెబ్బై నాలుగు. వేసవిలో ఎడారిలో అణుపరీక్ష జరిగిందని రేడియోలో విన్న పిల్లలు, బడి తెరవగానే బాంబు పాఠం చెప్పమని టీచరు ప్రాణం తీశారు. బాంబు తర్వాత, ముందు అర్ధాయువు నేర్చుకోండని, తలా గుప్పెడు చింతపిక్కలు ఒకవైపు తెల్లగా అరగదీసి తెమ్మంది. ఆ రాపిడికి ఊళ్లో అరుగులన్నీ జానెడు లోతు అరిగిపోయాయి.

శుక్రవారం పాఠం. ఒక్కో పిక్కా ఒక్కో పరమాణు కేంద్రకం అనుకోమంది. కలిపి ఎగరేసి పోసింది. తెల్లవైపు పైకి పడ్డవి విఘటనం చెందినట్టు, వాటిని తీసి పక్కన పెట్టించింది. మొదటి విసురుకి దాదాపు సగం పోయాయి. రెండో విసురుకి మిగిలినవాటిలో సగం. అలా సగమవడానికి పట్టే కాలమే అర్ధాయువనీ, యురేనియానికి అది వందల కోట్ల ఏళ్లనీ చెప్పింది. గుంపులో సగం పోతాయని లెక్క కట్టగలం గానీ, ఫలానా పిక్క ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు, ఇప్పుడే పోవచ్చు, ఎన్నటికో పోవచ్చు అంటూ కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది.

చివరికి ఒక్కటి మిగిలింది. వేసింది. నలుపు. మళ్లీ వేసింది. నలుపే. గంట కొట్టారు, ఎవరూ లేవలేదు. టీచరు పాఠం ఆపేసి చాలాసేపయిందని పిల్లలకీ తెలుస్తోంది.

"ఈసారి పడుతుంది," అంది రిబ్కా. పిల్లలతో కాదు.

ముందు బెంచీలోంచి అజ్రా మెల్లగా లేచింది.

"టీచర్, అది నాదేమో. ఒకటి అరగదీయడం మర్చిపోయాను."

రిబ్కా పిక్క తిప్పి చూసింది. రెండువైపులా నలుపే.

"ఇలాంటివీ ఉంటాయి," అంది. "స్థిర కేంద్రకాలంటారు. ఎంతకాలం చూసినా మారవు. రాసుకోండి."

ఆ సాయంత్రం కూడా బస్సొచ్చింది. మామిడిపళ్ల గంపలు దిగాయి, పత్తి బేరగాళ్లు దిగారు, పిల్లాణ్ణెత్తుకుని ఒకావిడ దిగింది. చివరి మనిషి దాకా రిబ్కా చూస్తూనే ఉంది. ఆ నల్ల పిక్కని కొంగు చివర ముడేసుకుని ఇంటికెళ్లి, కృపానందం మాస్టారి వాళ్లని రమ్మనమని అమ్మతో చెప్పింది.

ఇప్పటికీ ఎవరైనా ఈ బస్సుల కథ ఎత్తితే, కృపానందం మాస్టారి భార్య రిబ్కా టీచరు కళ్లజోడు తుడుచుకుంటూ ఇదే అంటుంది:

"బస్సులు చూపుకి ఆగవు. అక్కడ స్టాపుంది. మా ఇంటికి అదే దారి."